డిస్క్ నిండినప్పుడు: చెరిపే ముందు తేల్చుకోవలసినవి

2023 ఆగస్టు 29న జపాన్‌లోని టయోటా కార్ల అసెంబ్లీ ఫ్యాక్టరీలు మొత్తం 14 ఆగిపోయాయి. అంతకు ఏడాదిన్నర ముందు ఒక విడిభాగాల సరఫరాదారుపై సైబర్ దాడి జరిగి ఇలాగే పని ఆగింది కాబట్టి, ఈసారీ అదేనేమోనని చాలామంది అనుమానపడ్డారు. సెప్టెంబర్ 6న కంపెనీ అసలు కారణం చెప్పింది. విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లలో ఆగస్టు 27న ఎప్పటిలాగే మెయింటెనెన్స్ జరిగింది. డేటాబేస్‌లో పేరుకుపోయిన డేటాను తొలగించి సర్దుతుండగా డిస్క్‌లో చోటు చాలలేదు, సిస్టమ్ ఆగిపోయింది. బ్యాకప్‌గా ఉంచిన సర్వర్లు కూడా అదే వ్యవస్థ మీద నడుస్తున్నాయి కనుక అక్కడా అదే లోపం వచ్చి, వాటికి మారే వీలు లేకుండా పోయింది. ఇంకా పెద్ద కెపాసిటీ ఉన్న సర్వర్‌కు డేటా తరలించాక, మర్నాడు ఫ్యాక్టరీలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ ప్రకటనలో సర్వర్లు చూసుకునే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. చోటు చాలకపోయింది పాత డేటా తీసేస్తున్నప్పుడు. డేటాబేస్‌లో ఒక వరుస చెరపాలన్నా, చెరిపిన సంగతి ముందుగా ఎక్కడో రాసుకోవాలి. మధ్యలో కరెంటు పోతే వెనక్కి తిరగడానికి పాత వరుస ఎక్కడో దాచుకోవాలి. చెరపడమూ ఒక రాతే, దానికీ జాగా కావాలి. డిస్క్ నిండిందన్న అలర్ట్ రాగానే ఏదో ఒకటి డిలీట్ చేసేద్దామని వేళ్లు కీబోర్డు మీదికి పోవడం సహజం. కానీ జాగా ఎవరి చేతిలో ఉందో తేలితే సగం పని అయినట్టే. అది తేలకముందు చెరిపిన ప్రతి ఫైలూ గుడ్డిగా వేసిన పందెం. ఈ వ్యాసంలో లైనక్స్ సర్వర్లను ముందు పెట్టుకుని, ఆ జాగా ఎక్కడెక్కడ దాక్కుంటుందో, వాడుకలో ఉన్న సలహాల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూద్దాం.

లైనక్స్ కెర్నెల్‌కు ఇది 28వ నంబరు ఎర్రర్. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అన్నది దాని వాక్యం. అయితే ఆ వాక్యం మన కంటపడేది తక్కువ. ఎర్రర్ అందుకున్న ప్రోగ్రామ్ దాన్ని లాగ్‌లో రాయబోతుంది, ఆ లాగ్ రాయడానికీ చోటు ఉండదు. అందుకే రోగం ఒకచోట, నొప్పి మరోచోట తెలుస్తుంది. సైటు తెరుచుకుంటుంది, లాగిన్ మాత్రం అవదు, సెషన్ ఫైలు రాసే వీలు లేదు కాబట్టి. పోస్ట్‌ఫిక్స్ బయటి నుంచి వచ్చే మెయిల్‌ను 452 కోడ్‌తో తర్వాత రమ్మని తిప్పి పంపుతుంది. రెడిస్ స్నాప్‌షాట్ రాయలేక, ఇక రాతలు తీసుకోనని మొరాయిస్తుంది. మైఎస్‌క్యూఎల్ తీరు వేరు. అది చోటు దొరికిందేమోనని నిమిషానికోసారి చూసుకుంటూ, పది నిమిషాలకోసారి ఎర్రర్ లాగ్‌లో ఒక లైను రాస్తూ ఎదురుచూస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు డేటాబేస్ హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. అప్లికేషన్ టీమ్ కూర్చుని క్వెరీలు ట్యూన్ చేయడం మొదలుపెడుతుంది. సర్వర్‌లోకి వెళ్లి డైరెక్టరీ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే, పేరు పూర్తిచేయకుండా, టెంపరరీ ఫైలు సృష్టించలేకపోయానని బాష్ ఒక లైను విసురుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆ లైను చూడగానే మిగతా అనుమానాలన్నీ పక్కనపెట్టి డిస్క్ సంగతి చూస్తారు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసే సపోర్ట్ టీముల్లో రాత్రి షిఫ్టు మొత్తంమీద ఎక్కువగా వినిపించే సంభాషణల్లో ఇదొకటి. “అన్నా, డిస్క్ ఫుల్ అని టికెట్ వచ్చింది. వార్ లాగ్ క్లీన్ చేసేయనా?” “ఆగు తమ్ముడూ, ముందు డీఎఫ్ కొట్టి చూపించు.” ఆ ఒక్క ‘ఆగు’లో చాలా అనుభవం ఉంది.

డీఎఫ్ కమాండ్ ఫైల్‌సిస్టమ్‌నే నేరుగా అడుగుతుంది: నీ దగ్గర మొత్తం ఎన్ని బ్లాకులున్నాయి, ఎన్ని ఖాళీ అని. డీయూ అలా అడగదు. డైరెక్టరీల చెట్టంతా తిరిగి, కనపడిన ప్రతి ఫైలూ ఎంత ఆక్రమించిందో కూడుతుంది. రెండూ దగ్గరదగ్గరగా ఒకే అంకె చెబితే పని తేలిక. రూట్ నుంచి ఒక్కో అంతస్తు దిగుతూ, ఎక్కడ బరువుందో చూసుకుంటూ పోవడమే. ఆ తిరుగుడులో డీయూకు ఎక్స్ ఆప్షన్ ఇవ్వడం మరవకూడదు. ఇవ్వకపోతే అది ఇతర మౌంట్లలోకి, ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్లలోకి కూడా దూరి గంటలు తినేసి, సంబంధం లేని అంకెలు తెస్తుంది. ఎన్‌సీడీయూ అనే చిన్న టూల్ ఇదే పనిని బాణం గుర్తులతో కిందికీ పైకీ తిరుగుతూ చూసుకునేలా చేస్తుంది. నిండిన డిస్క్ మీద కొత్త ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడం కుదరదు కాబట్టి దాన్ని ముందే వేసి ఉంచుకోవాలి.

అసలు పరీక్ష రెండు అంకెలూ కలవనప్పుడు. డీఎఫ్ 100 శాతం అంటుంది, డీయూ మొత్తం కూడినా 40 జీబీ దాటదు. ఎక్కువసార్లు కారణం చెరిపినా చావని ఫైలు. యూనిక్స్‌లో ఆర్‌ఎం కొట్టడమంటే డైరెక్టరీలోంచి పేరు తీసేయడమే. ఆ ఫైలును ఏదైనా ప్రాసెస్ తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా ఒక్క బ్లాకు కూడా ఖాళీ కాదు. పేరు పోయింది కాబట్టి డీయూకు కనపడదు, బ్లాకులు ఉన్నాయి కాబట్టి డీఎఫ్ లెక్క తగ్గదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్ ఎల్1 ఇస్తే, పేరు పోయి ప్రాణం మిగిలిన ఫైళ్లన్నీ వరుసగా వస్తాయి: ప్రాసెస్ పేరు, దాని నంబరు, ఫైలు డిస్క్రిప్టర్ నంబరు, సైజు, చివర ‘డిలీటెడ్’ అన్న మాట. ఆ వరుసలో ఒక జావా ప్రాసెస్ పక్కన 60 జీబీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది. ఆ టైములో రీస్టార్ట్ వీలుకాకపోతే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద, ఎఫ్‌డీ డైరెక్టరీలో ఆ డిస్క్రిప్టర్‌ను ఖాళీ చేయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్రోగ్రామ్ ఫైలును అపెండ్ పద్ధతిలో తెరవకపోతే, తర్వాతి లైను మళ్లీ 60 జీబీ దగ్గరే రాస్తుంది. ముందున్నదంతా బ్లాకుల్లేని బోలు. పేరు ఇంకా ఉన్న లాగ్‌ను ఖాళీ చేసినప్పుడూ ఇలాగే అవుతుంది. ఎల్‌ఎస్ 60 జీబీ చూపిస్తుంది, డీయూ కొద్ది కేబీలు చూపిస్తుంది. కంగారు పడనవసరం లేదు, నమ్మవలసింది డీయూనే.

ఈ చెరిపినా చావని ఫైలుకు మూలం తరచుగా లాగ్ రొటేషన్‌లోనే ఉంటుంది. లాగ్‌రొటేట్ పాత ఫైలు పేరు మార్చి, కొత్తది సృష్టించి, ప్రోగ్రామ్‌కు ‘ఇక కొత్తదాంట్లో రాయి’ అని సిగ్నల్ పంపాలి. ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఆ పని యూజర్1 సిగ్నల్‌తో జరుగుతుంది. కాన్ఫిగరేషన్‌లో ఆ ముక్క లేకపోతే ప్రోగ్రామ్ పాత ఫైలులోనే రాస్తూ పోతుంది. కొన్నాళ్లకు లాగ్‌రొటేట్ ఆ పాత ఫైలును చెరిపేస్తుంది, జాగా మాత్రం రాదు. దీనికి విరుగుడుగా చాలామంది కాపీ చేసి ఖాళీచేసే పద్ధతి, అంటే కాపీట్రంకేట్, పెడతారు. అది రెండు విధాల లోపభూయిష్ఠం. కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య వచ్చిన లైన్లు పోతాయి. పైగా 20 జీబీ లాగ్‌ను తిప్పడానికి ఇంకో 20 జీబీ కావాలి. సిగ్నల్ అందుకోవడం తెలిసిన ప్రోగ్రామ్‌కు సిగ్నలే సరైన దారి.

డీఎఫ్, డీయూ కలవకపోవడానికి ఇంకో కారణం అరుదైనదే గానీ మనుషుల్ని బాగా తిప్పలు పెడుతుంది. బ్యాకప్ డిస్క్‌ను ఒక డైరెక్టరీ మీద మౌంట్ చేసి ఉంచారనుకోండి. ఒక రాత్రి ఆ మౌంట్ విఫలమైంది. బ్యాకప్ స్క్రిప్ట్‌కు అది తెలియదు. డైరెక్టరీ ఎలాగూ ఉంది కాబట్టి మొత్తం డేటాను రూట్ డిస్క్‌లోనే పోసింది. తెల్లారి ఎవరో మౌంట్ సరిచేశారు. ఇప్పుడు రాత్రి పడిన ఫైళ్లు ఆ మౌంట్ కింద కప్పబడి ఉన్నాయి. చోటు తింటున్నాయి గానీ ఏ కమాండ్‌కూ కనపడవు. రూట్‌ను మరోచోట బైండ్ మౌంట్ చేసి అక్కడ డీయూ నడిపితే బయటపడతాయి. స్క్రిప్ట్‌లో రాతకు ముందు మౌంట్ ఉందో లేదో చూసే ఒక్క లైను పెడితే ఈ గొడవే ఉండదు.

డీఎఫ్ చూపించే అంకెల్లోనే ఒక చిక్కు ఉంది. 100 జీబీ ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో వాడినది 95, మిగిలింది సున్నా, వినియోగం 100 శాతం అని వస్తుంది. ఆ ఐదు ఏమైనట్టు? రూట్ యూజర్ కోసం ఫైల్‌సిస్టమ్ అట్టిపెట్టుకున్న ఐదు శాతం అది. మామూలు ప్రోగ్రామ్‌లకు చోటు అయిపోయాక కూడా రూట్ లోపలికి వచ్చి పని చేసుకోవడానికి, బ్లాకులు చెల్లాచెదురు కాకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. దీని వంశవృక్షం బర్క్‌లీ యూనిక్స్ దాకా పోతుంది. 1984లో మెక్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ వివరించిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌లో పది శాతం ఖాళీగా ఉంచేవారు, అంతకన్నా నిండితే రాతల వేగం పడిపోతుందని. ఆనాటి డిస్క్‌లు మెగాబైట్లలో ఉండేవి. ఇవాళ 4 టీబీ డిస్క్‌లో ఐదు శాతమంటే 200 జీబీ. వాడకుండా అంత ఉంచుకోవడంలో అర్థం లేదు. కేవలం డేటా ఉండే పార్టిషన్‌లో ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో దాన్ని ఒక శాతానికి తగ్గించడం సబబే. రూట్ పార్టిషన్‌లో మాత్రం ముట్టుకోవద్దంటాను. రాత్రి రెండింటికి లోపలికి వెళ్లగలగడం ఆ ఐదు శాతం చలవే. రెడ్‌హ్యాట్ 2014లో తన 7వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ చేసుకున్న ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో రూట్‌కు ఇలాంటి ప్రత్యేక వాటా లేదు. అందుకే అక్కడ నిండితే రూట్‌కూ అదే గతి.

జాగా పుష్కలంగా ఉండి కూడా 28వ ఎర్రర్ వస్తే ఐనోడ్లు చూడాలి. ప్రతి ఫైలుకూ దాని సైజు, యజమాని, బ్లాకుల చిట్టా రాసుకోవడానికి ఒక ఐనోడ్ కావాలి. ఈఎక్స్‌టీ4లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది, మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి. 100 జీబీకి దాదాపు 65 లక్షలు. ఫైలుకు ఒక కేబీ చొప్పున పీహెచ్‌పీ సెషన్లు, క్యాష్ ముక్కలు, మెయిల్ క్యూలు పేరుకుంటే, జాగాలో పెద్ద భాగం ఖాళీగా ఉండగానే ఐనోడ్లు అయిపోతాయి. డీఎఫ్‌కు మైనస్ ఐ ఇస్తే తెలుస్తుంది. ఇలాంటి డైరెక్టరీలో మామూలు ఎల్‌ఎస్ కొడితే లక్షల పేర్లను అకారాది క్రమంలో పేర్చబోయి స్క్రీన్ కదలదు. నక్షత్రం గుర్తుతో ఆర్‌ఎం కొడితే ఆర్గ్యుమెంట్ లిస్ట్ మరీ పొడవైపోయిందని షెల్ ఒప్పుకోదు. ఫైండ్‌కు డిలీట్ ఆప్షన్ ఇచ్చి, వయసు షరతు పెట్టి, ఓపికగా నడపడమే దారి. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్లు తర్వాత పెంచాలంటే ఫైల్‌సిస్టమ్‌నే పెంచాలి, లేదా మళ్లీ ఫార్మాట్ చేయాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అవసరాన్ని బట్టి సృష్టించుకుంటాయి కనుక చిన్న ఫైళ్ల పనికి అవి మేలు.

ఫైళ్ల సైజు కన్నా సంఖ్య ప్రాణం మీదికి తెచ్చిన ఉదంతాల్లో అన్నిటికన్నా పెద్దది మార్స్ మీద జరిగింది. 2004 జనవరిలో దిగిన స్పిరిట్ రోవర్, 21వ తేదీన ఉన్నట్టుండి సరిగా జవాబివ్వడం మానేసింది. దాని ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు పెరిగిపోయాయి. వాటిలో భూమి నుంచి ప్రయాణం చేసినప్పటి పాత ఫైళ్లు కూడా ఉన్నాయి. ఆ డైరెక్టరీ వివరమంతా ర్యామ్‌లో పెట్టుకునే పద్ధతి కావడంతో ర్యామ్ చాలలేదు. రీబూట్ అవుతుంది, మళ్లీ ఫ్లాష్‌ను మౌంట్ చేయబోతుంది, మళ్లీ ర్యామ్ చాలదు, మళ్లీ రీబూట్. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు దాన్ని ఫ్లాష్ జోలికి పోకుండా బూట్ అవ్వమని ఆదేశించి నిలబెట్టారు. ఆపైన అనవసరమైన ఫైళ్లు తీసేసి, చివరకు ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. 90 మార్స్ రోజుల కోసం పంపిన ఆ యంత్రం 2010 దాకా పని చేసింది. నిండిన ఫైల్‌సిస్టమ్‌ను బయట ఉంచి ముందు వ్యవస్థను లేపడం, తర్వాతే శుభ్రం చేయడం అన్న వాళ్ల వరుస ఏ సర్వర్‌కైనా వర్తిస్తుంది.

కొన్నిసార్లు 28వ నంబరు డిస్క్ గురించే కాదు. ఫైళ్ల మార్పులు కనిపెట్టే ఐనోటిఫై సదుపాయంలో ఒక యూజర్‌కు ఇచ్చిన వాచ్‌ల కోటా అయిపోతే కెర్నెల్ ఇదే ఎర్రర్ ఇస్తుంది. సెమాఫోర్లు అయిపోయినా ఇదే. అపాచీ పదేపదే క్రాష్ అవుతూ తన సెమాఫోర్లు వదిలేసి పోతే, కొన్నాళ్లకు ‘డివైస్‌లో చోటు లేదు’ అంటూ అసలు స్టార్ట్ అవదు. డిస్క్ చూస్తే సగం ఖాళీ. డీఎఫ్, డీఎఫ్ మైనస్ ఐ రెండూ నిర్దోషులని తేలితే, ఐపీసీఎస్‌తో సెమాఫోర్లు, సిస్‌సీటీఎల్‌తో వాచ్‌ల పరిమితి చూడాలి. ఎర్రర్ సందేశాన్ని అక్షరాలా నమ్మితే ఇక్కడ రోజంతా పోతుంది.

ఇక డేటాబేస్‌లు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. నిండిన డిస్క్ చేసే నష్టం తక్కువ, దాన్ని ఖాళీ చేసే తొందర చేసే నష్టం ఎక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి మార్పూ ముందు వాల్ అనే రికార్డులో పడి, తర్వాత అసలు ఫైళ్లలోకి వెళుతుంది. క్రాష్ అయితే తిరిగి లేవడానికి ఆధారం అదే. చాలా ఏళ్లు ఆ డైరెక్టరీ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. డిస్క్ నిండిన రాత్రి ఎవరో లోపలికి వచ్చి, లాగ్ అన్న పేరు చూసి, పదుల జీబీలు కనిపించేసరికి సంబరపడి చెరిపేసేవారు. ఆ తర్వాత డేటాబేస్ లేచేది కాదు. ఈ ప్రమాదం ఎంత తరచుగా జరిగిందంటే, 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ పేరునే పీజీ_వాల్‌గా మార్చారు, పీజీ_క్లాగ్‌ను పీజీ_ఎక్స్‌ఆక్ట్ చేశారు. ఒక సాఫ్ట్‌వేర్ బృందం మనుషుల తొందరపాటును లెక్కలోకి తీసుకుని, ఉన్న స్క్రిప్టులు విరుగుతాయని తెలిసి కూడా పేరు మార్చడం నాకు గొప్ప నిర్ణయంగా తోస్తుంది.

వాల్ పెరిగిపోతుంటే అడగవలసిన ప్రశ్న: దాన్ని వదలనివ్వనిది ఎవరు? ఎప్పుడో తీసేసిన రెప్లికా తాలూకు రెప్లికేషన్ స్లాట్ ఒకటి అలాగే ఉండిపోయి ఉండవచ్చు. ఆ రెప్లికా తిరిగొచ్చి చదువుతుందేమోనని ప్రైమరీ వాల్‌ను కుప్పగా దాచిపెడుతుంది. లేదా ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతూ ఉండవచ్చు. స్లాట్ తీసేస్తే, ఆర్కైవ్ సరిచేస్తే, తర్వాతి చెక్‌పాయింట్‌లో పోస్ట్‌గ్రెస్సే తన ఫైళ్లు తాను తీసేసుకుంటుంది. 2020 నాటి 13వ వెర్షన్‌లో స్లాట్ ఎంత వాల్ పట్టుకోవచ్చో పరిమితి పెట్టే సెట్టింగ్ వచ్చింది గానీ, దాని డిఫాల్ట్ అపరిమితమే. రెప్లికా పోతే మళ్లీ కట్టుకోవచ్చు, ప్రైమరీ ఆగితే వ్యాపారమే ఆగుతుంది. కాబట్టి ఆ పరిమితి పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

పట్టికలోంచి కోటి వరుసలు చెరిపినా పోస్ట్‌గ్రెస్ డిస్క్ పరిమాణం తగ్గదు. మామూలు వాక్యూమ్ ఆ చోటును మళ్లీ అదే పట్టిక వాడుకునేలా గుర్తు పెడుతుంది, సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వదు. వాక్యూమ్ ఫుల్ ఇస్తుంది, కానీ పట్టికకు కొత్త కాపీ రాసుకుని గానీ పాతది వదలదు. 200 జీబీ పట్టికలో 150 జీబీ జీవమున్న డేటా ఉంటే, అది మొదలుపెట్టడానికే 150 జీబీకి పైగా చేతిలో ఉండాలి. అంతసేపూ ఆ పట్టికను ఇంకెవరూ ముట్టుకోలేరు. మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్‌కూ ఇలాగే కొత్త కాపీకి చోటు కావాలి. పాత డేటా తేదీల వారీగా వెళ్లిపోయేదైతే, పట్టికను మొదటి నుంచీ నెలల వారీ పార్టిషన్లుగా కట్టి, పాత నెలను డ్రాప్ చేయడమే తెలివైన పద్ధతి. డ్రాప్ ఫైలునే తీసేస్తుంది, వరుస వరుసా చెరపదు.

మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్‌లను కూడా ఆర్‌ఎం కొట్టకూడదు. పర్జ్ కమాండ్‌తో తీయాలి, లేకపోతే ఇండెక్స్ ఫైలుకూ డిస్క్‌కూ లెక్క తప్పుతుంది. 8వ వెర్షన్ వాటిని డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంచుతుంది. రాతలు ఎక్కువున్న సర్వర్‌లో అది డేటాకన్నా పెద్దదైపోతుంది. ఒరాకిల్‌లో మరో విచిత్రం. ఆర్కైవ్ లాగ్‌లు ఉండే రికవరీ ఏరియాకు పరిమితి ఒక సెట్టింగ్‌లో ఉంటుంది. డిస్క్‌లో టెరాబైట్లు ఖాళీగా ఉన్నా ఆ అంకె నిండితే 00257 ఎర్రర్ ఇచ్చి కొత్త కనెక్షన్లు ఆపేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి లాగ్‌లు చెరిపితే డిస్క్ ఖాళీ అవుతుంది, ఒరాకిల్ పద్దులో మాత్రం అవి ఉన్నట్టే లెక్క. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లోకి వెళ్లి క్రాస్‌చెక్ చేయించి, లేనివాటిని తీసేయమన్నాకే అది నమ్ముతుంది. ఏ డేటాబేస్‌లోనైనా సూత్రం ఒకటే: దాని ఫైలును దాని చేతే తీయించాలి.

కంటైనర్లు వచ్చాక పాత సమస్యలే కొత్త చిరునామాకు మారాయి. డాకర్ డిఫాల్ట్‌గా వాడే జేసన్-ఫైల్ లాగ్ డ్రైవర్‌కు సైజు పరిమితి లేదు. కంటైనర్ ఉన్నన్నాళ్లూ లాగ్ పెరుగుతూనే ఉంటుంది. మ్యాక్స్-సైజ్ పెట్టని డాకర్ సర్వర్ ఎప్పటికైనా నిండుతుంది. వాడకంలో లేనివాటిని తీసేసే ప్రూన్ కమాండ్ మంచిదే, దానికి వాల్యూమ్స్ అన్న ఆప్షన్ తగిలిస్తే మాత్రం ఆగి ఉన్న డేటాబేస్ కంటైనర్ డేటా కూడా గల్లంతయ్యే ప్రమాదం ఉంది. కుబెర్నెటిస్ నోడ్ డిస్క్‌లో పది శాతం కన్నా తక్కువ మిగిలితే పాడ్‌లను అక్కడి నుంచి వెళ్లగొట్టడం మొదలుపెడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ 85, 90 శాతాల దగ్గర హెచ్చరికలు దాటి, 95 దగ్గర ఇండెక్స్‌లను చదవడానికి మాత్రమే పరిమితం చేస్తుంది. పూర్తిగా నిండి పాడవడం కన్నా ముందే తలుపు మూసుకునే ఈ ధోరణి సరైనదే.

కాపీ-ఆన్-రైట్ ఫైల్‌సిస్టమ్‌లలో, అంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్‌లలో, మొదట చెప్పిన సంగతి బయటికే కనిపిస్తుంది. ఫైలు చెరపాలన్నా కొత్త మెటాడేటా బ్లాకు రాయాలి, దానికి చోటు లేకపోతే ఆర్‌ఎం కూడా 28వ ఎర్రర్‌తో తిరిగొస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఇలాంటి వేళ కోసం మామూలుగా పూల్‌లో 32వ వంతు అట్టిపెట్టుకుంటుంది. స్నాప్‌షాట్లు ఉంటే చెరిపిన ఫైలు బ్లాకులు వాటి చేతిలోకి పోతాయి, జాగా పెరగదు. ముందు స్నాప్‌షాట్ల జాబితా చూసి తర్వాత ఫైళ్ల జోలికి పోవాలి. చోటును ముందే కేటాయించకుండా వాడుతున్న కొద్దీ ఇచ్చే ఎల్‌వీఎం థిన్ పూల్ ఇంకా ప్రమాదకరం. ఫైల్‌సిస్టమ్ సగం ఖాళీ అని నమ్మి ఉంటుంది, కింద పూల్ నిండిపోయి ఉంటుంది.

క్లౌడ్‌లో చాలామంది తేలిక దారి పడతారు, డిస్క్ పెంచేస్తే పోలా అని. అత్యవసరంలో నేనూ ముందు అదే చేయమంటాను. తొందరలో చెరపడం కన్నా తొందరలో పెంచడం వెయ్యి రెట్లు నయం. అయితే అది మూడు మెట్ల పని: వాల్యూమ్ పెంచాలి, పార్టిషన్ పెంచాలి, ఆపైన ఫైల్‌సిస్టమ్ పెంచాలి. మొదటి మెట్టు ఎక్కి, డీఎఫ్‌లో మార్పు లేదని క్లౌడ్ కంపెనీకి టికెట్ పెట్టేవాళ్లు బోలెడుమంది. పెంచినది తగ్గించడం కష్టమని కూడా తెలిసుండాలి. క్లౌడ్ వాల్యూమ్‌లను సాధారణంగా కుదించనివ్వరు.

ముందుజాగ్రత్తల మీద ఇంజనీర్లలో ఏకాభిప్రాయం లేదు. 90 శాతం దాటితే అలర్ట్ అన్న నియమం అన్ని డిస్క్‌లకూ ఒకేలా సరిపోదు. 20 జీబీలో పది శాతమంటే 2 జీబీ, 10 టీబీలో ఒక టీబీ. అందుకే ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్ వాడేవాళ్లు శాతం బదులు వేగం చూస్తారు: గత కొన్ని గంటల పోకడను బట్టి ఇంకెంతసేపట్లో నిండుతుందో లెక్కగట్టి, ఒక రోజు లోపైతే మామూలుగా చెప్పు, నాలుగు గంటల లోపైతే నిద్రలేపు అని. శాతం కన్నా ఇది మెరుగు. కానీ దీనికీ అందనిది ఉంది. ఎవరో డీబగ్ లాగింగ్ ఆన్ చేసి మరిచిపోతే సెకనుకు 50 ఎంబీ చొప్పున 20 నిమిషాల్లో 60 జీబీ పోతుంది. ఏ అలర్టూ, ఏ మనిషీ ఆ వేగాన్ని అందుకోలేరు. అక్కడ పనికొచ్చేది గట్టి హద్దులే: లాగ్‌లకు వేరే పార్టిషన్, డాకర్‌కు మ్యాక్స్-సైజ్, యూజర్లకు కోటా. సిస్టమ్‌డీ జర్నల్ ఈ విషయంలో ఆదర్శం, తనకు తానుగా ఫైల్‌సిస్టమ్‌లో పది శాతానికి, అదీ 4 జీబీకి మించకుండా, ఆగుతుంది. ప్రతి డైరెక్టరీకీ ఒక పార్టిషన్ కట్టే పాత ఆచారం ఇప్పుడు అనవసరం, ఒకటి నిండి పక్కది ఖాళీగా ఉండటమే దాని ఫలితం. డేటాబేస్ డేటా వేరుగా, లాగ్‌లు వేరుగా, మిగతాదంతా ఒకటిగా ఉంటే చాలు.

కొందరు 2 జీబీల డమ్మీ ఫైలు ఒకటి ముందే సృష్టించి ఉంచుతారు. నిండిన రోజు దాన్ని చెరిపితే ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో ఇది చక్కగా పనిచేస్తుంది. కంప్రెషన్ ఉన్న జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సున్నాలతో నింపిన ఫైలు దాదాపు ఏ చోటూ తినదు కాబట్టి అక్కడ ఉపయోగం లేదు. స్టాండ్‌బై సర్వర్ ఉందిలే అన్న ధీమా మాత్రం అసలు పనికిరాదు. అదే డేటా, అదే సైజు డిస్క్, అదే మెయింటెనెన్స్ ఉన్న జంట సర్వర్లు కొద్ది తేడాలో కలిసే నిండుతాయి. టయోటాలో లోపం బ్యాకప్‌లోనూ తలెత్తింది. రెండోదానికి కొంచెం పెద్ద డిస్క్ పెట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

జాగా తిరిగొచ్చి అలర్ట్ ఆకుపచ్చ అవగానే టికెట్ మూసేయడం మన దగ్గర అలవాటు. నిజానికి అప్పుడు ఇంకో గంట పని ఉంటుంది. డిస్క్ నిండి ఉన్న సమయంలో ఎవరైనా కాన్ఫిగరేషన్ ఫైలు ఎడిట్ చేసి సేవ్ చేసి ఉంటే అది సున్నా బైట్లుగా మిగిలి ఉండవచ్చు. తర్వాతి రీస్టార్ట్ దాకా ఎవరికీ తెలియదు. ఆ వ్యవధిలో మారిన ఖాళీ ఫైళ్లను ఫైండ్‌తో వెతకాలి. రెప్లికేషన్ ఆగిపోయి ఉందేమో, మెయిల్ క్యూ కదిలిందో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆ రాత్రి బ్యాకప్. చాలా స్క్రిప్టులు కొత్త బ్యాకప్ తీసి, ఏడు రోజులు దాటిన పాతవి చెరిపేస్తాయి. కొత్తది సగంలో ఆగినా చెరపడం మాత్రం ఆగదు. డిస్క్ వారం రోజులు అలా అంచుల్లో ఉంటే, మంచి బ్యాకప్‌లన్నీ పోయి సగం సగం ముక్కలే మిగులుతాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రెప్లికేషన్ సరిచేస్తూ ఒక ఇంజనీర్ పొరపాటున ప్రైమరీ డేటా డైరెక్టరీ మీద ఆర్‌ఎం నడిపినప్పుడు, సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలాయి. బ్యాకప్ కోసం చూస్తే రోజువారీ డంప్ వెర్షన్ తేడా వల్ల చాన్నాళ్లుగా విఫలమవుతోందని, ఆ సంగతి చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరడం లేదని తేలింది. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి వాళ్లను గట్టెక్కించింది. అందుకని, డిస్క్ నిండిన మర్నాడు బ్యాకప్ డైరెక్టరీలో ఫైళ్ల పేర్లు, తేదీలు చూసి ఊరుకోకుండా సైజులు ముందు రోజులతో పోల్చి, ఆ రాత్రిదాన్ని వేరే యంత్రంలో రీస్టోర్ చేసి, అది తెరుచుకున్నాకే టికెట్ మూయాలి.